సొంతంగా రాసుకుంటున్న వీఎం ప్యానెల్: స్టేటస్ ఎక్కడ దాచాలి?

ల్యాబ్_అడ్మిన్ | సోమవారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. మా ల్యాబ్‌లో మూడు సర్వర్లు, వాటి మీద కేవీఎం (లినక్స్‌లోని వర్చువలైజేషన్) తో నడిచే 40 దాకా వీఎంలు (వర్చువల్ మెషీన్లు) ఉన్నాయి. ఇన్నాళ్లూ ఎవరి మెషీన్ హ్యాంగ్ అయినా నా దగ్గరికే వచ్చేవాళ్లు. నేను ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్) లోకి వెళ్లి వర్ష్ (వీఎంలను నడిపే టూల్) కమాండ్ కొట్టేదాకా వాళ్ల పని ఆగిపోయేది. అందుకే ఎవరి మెషీన్లు వాళ్లే ఆన్, ఆఫ్ చేసుకునేలా, బ్రౌజర్‌లోనే స్క్రీన్ చూసుకునేలా ఒక ప్యానెల్ రాయడం మొదలుపెట్టాను.

జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, లిబ్‌వర్ట్ (వీఎంలను నిర్వహించే సాఫ్ట్‌వేర్) పైథాన్ లైబ్రరీ వాడుతున్నాను. ప్యానెల్ సర్వర్ నుంచి మూడు హోస్ట్‌లకీ (వీఎంలు నడిచే సర్వర్లు) ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా లిబ్‌వర్ట్ కనెక్షన్ వెళ్తుంది. డేటాబేస్‌లో వీఎంల టేబుల్, అందులో స్టేటస్ అనే కాలమ్. ప్రతి 10 సెకన్లకీ ఒక స్క్రిప్ట్ తిరిగి ఆ కాలమ్‌ని అప్‌డేట్ చేస్తుంది.

ఇక్కడే చిక్కొచ్చింది. నేను టెర్మినల్‌లో ఒక మెషీన్ ఆపితే ప్యానెల్లో ఇంకా 'నడుస్తోంది' అని పచ్చగా కనిపిస్తుంది. ఎవరైనా స్టార్ట్ నొక్కిన వెంటనే 'నడుస్తోంది' అని రాసేస్తున్నాను, కానీ మెషీన్ మెమరీ చాలక స్టార్ట్ అవ్వదు. స్క్రిప్ట్ మధ్యలో చచ్చిపోతే గంటసేపు పాత స్టేటస్‌లే ఉంటాయి. పోలింగ్ (పదే పదే అడగడం) 2 సెకన్లకి తగ్గిద్దామా, లేక పద్ధతే మార్చాలా?

ప్రాక్స్‌మాక్స్ (రెడీమేడ్ వీఎం నిర్వహణ వ్యవస్థ) వాడొచ్చు కదా అని అడుగుతారని ముందే చెప్తున్నాను. హోస్ట్‌ల మీద వేరే పనులు కూడా నడుస్తున్నాయి, మళ్లీ ఇన్‌స్టాల్ చేసే వీలు లేదు. కాక్‌పిట్ (సర్వర్‌ని బ్రౌజర్ నుంచి చూసుకునే టూల్) చూశాను, నా వరకు చాలా బాగుంది. కానీ దానికి హోస్ట్ మీద యూజర్ అకౌంట్లు కావాలి, అందరికీ అవి ఇవ్వలేను.

పాతకాపు | సోమవారం, ఉదయం 11:03

పోలింగ్ వేగం పెంచినా ఇది పోదు. ఆ స్టేటస్ కాలమే తీసెయ్యండి.

వీఎం నడుస్తోందా లేదా అన్నది మీ డేటాబేస్‌కి తెలిసే విషయం కాదు. అది తెలిసింది క్యూఎము (ఒక్కో వీఎంని నడిపే ప్రోగ్రామ్) ప్రాసెస్‌కి, దాన్ని చూసుకునే లిబ్‌వర్ట్‌కి. మీరు దానికి నకలు రాసుకున్నారు. నకలు ఎప్పుడో ఒకప్పుడు అసలుతో తేడా వస్తుంది, వచ్చినప్పుడు మీ స్క్రీన్ యూజర్‌కి అబద్ధం చెప్తుంది. ఒక్కసారి అబద్ధం చెప్పిన ప్యానెల్‌ని ఎవరూ నమ్మరు, మళ్లీ మీకే ఫోన్ చేస్తారు.

డేటాబేస్‌లో ఉండాల్సినవి లిబ్‌వర్ట్‌కి తెలియనివి మాత్రమే: ఈ వీఎం ఎవరిది, ఎవరెవరు ఏం చేయొచ్చు, ఎవరు ఎప్పుడు ఏ బటన్ నొక్కారు. వీఎంని గుర్తించే కీ కింద పేరు వాడకండి, యూయూఐడీ (ప్రత్యేక గుర్తింపు సంఖ్య) వాడండి. పేరు ఎవరైనా మార్చొచ్చు.

స్టేటస్ కోసం లిబ్‌వర్ట్ ఈవెంట్లు (మార్పు జరగ్గానే అది పంపే కబుర్లు) వినండి. దీనికి జాంగో వర్కర్ల లోపల కనెక్షన్లు తెరవకుండా వేరే చిన్న ప్రాసెస్ పెట్టుకోండి. అది ఎప్పుడూ కనెక్ట్ అయ్యి ఉంటుంది, తాజా స్థితి మెమరీలో పెట్టుకుంటుంది, జాంగో దాన్ని అడుగుతుంది. పైథాన్‌లో రెండు చోట్ల జాగ్రత్త. ఈవెంట్ లూప్‌ని (ఈవెంట్లను అందుకునే కోడ్) కనెక్షన్ తెరవక ముందే రిజిస్టర్ చేయాలి, తర్వాత చేస్తే ఈవెంట్లు రావు. రెండోది, కనెక్ట్ అవ్వగానే ముందు ఈవెంట్లకి నమోదు చేసుకుని, ఆ తర్వాత మొత్తం లిస్ట్ తెచ్చుకోండి. తిరగేసి చేస్తే లిస్ట్ తెచ్చుకున్నాక, నమోదుకు ముందు ఉండే ఆ సందులో ఆగిపోయిన మెషీన్ మీకు ఎప్పటికీ నడుస్తున్నట్టే ఉంటుంది. నేను ఈ తప్పు చేసి రెండు రోజులు వెతికాను.

కేవీఎం_విద్యార్థి | సోమవారం, ఉదయం 11:40

మధ్యలో ఒక చిన్న డౌట్, ఏమనుకోకండి. వర్ష్‌లో 'డెస్ట్రాయ్' అంటే మెషీన్ మొత్తం పోతుందా? నేను భయంతో ఇంతవరకు ఆ కమాండ్ కొట్టలేదు.

పాతకాపు | సోమవారం, ఉదయం 11:52

పోదు తమ్ముడూ. డెస్ట్రాయ్ అంటే కరెంటు ప్లగ్ పీకేసినట్టు. డిస్క్ అలాగే ఉంటుంది, కాన్ఫిగరేషన్ కూడా ఉంటుంది, మళ్లీ స్టార్ట్ చేసుకోవచ్చు. రాయకుండా మిగిలిపోయిన డేటా మాత్రం పోవచ్చు. కాన్ఫిగరేషన్ తీసేసేది 'అన్‌డిఫైన్'. ఒక్క మినహాయింపు: డిఫైన్ చెయ్యకుండా నేరుగా క్రియేట్‌తో పుట్టించిన తాత్కాలిక వీఎం అయితే, ఆగగానే దాని కాన్ఫిగరేషన్ కూడా పోతుంది.

ల్యాబ్ అడ్మిన్ గారూ, ఈ ప్రశ్న మీకూ పనికొస్తుంది. ఆ పదాన్ని బటన్ మీద పెట్టకండి. మామూలు షట్‌డౌన్ అనేది గెస్ట్‌కి (వీఎం లోపలి ఓఎస్‌కి) ఏసీపీఐ (పవర్ బటన్ సిగ్నల్) ద్వారా పంపే ఒక విన్నపం మాత్రమే, గెస్ట్ పట్టించుకోకపోవచ్చు. అందుకని నొక్కగానే 'ఆగింది' అని చూపించకూడదు. నా ప్యానెల్లో 'ఆపమని అడిగాం, 40 సెకన్లు అయింది' అని లెక్క కనిపిస్తూ ఉంటుంది. 90 సెకన్లు దాటితేనే పక్కన 'కరెంటు తీసెయ్' అన్న బటన్ వస్తుంది. ఆ పేరు పెట్టాక అనవసరంగా నొక్కేవాళ్లు బాగా తగ్గారు. ఏం జరుగుతుందో పేరులోనే ఉంది కదా.

రాత్రి_షిఫ్ట్ | సోమవారం, రాత్రి 11:25

స్టేటస్ ఒక్కటే చాలదు, కారణం కూడా చూపించాలి. ఎందుకంటున్నానో చెప్తాను.

ఇంతకు ముందు పనిచేసిన చోట మాకు ఇలాగే సొంత ప్యానెల్ ఉండేది. ఒక రాత్రి రెండు గంటలప్పుడు 11 మెషీన్లు ఒకేసారి పసుపు రంగులోకి మారాయి. 'పాజ్' అని ఉంది, అంతే. డ్యూటీలో నేనొక్కణ్ణే. ఎవరో పొరపాటున పాజ్ చేశారేమో అనుకుని రెజ్యూమ్ నొక్కాను. ఒక సెకను పచ్చగా అయ్యి మళ్లీ పాజ్. మళ్లీ నొక్కాను, మళ్లీ అదే. ఫోన్లు మోగుతున్నాయి, టెన్షన్‌లో చేతులు వణుకుతున్నాయి. హ్యాంగ్ అయ్యాయనుకుని ఒక మెషీన్‌ని ఫోర్స్ ఆఫ్ చేసి స్టార్ట్ చేశాను. అందులో డేటాబేస్ ఉంది. అది తిరిగి లేచేసరికి రెండు టేబుల్స్ పాడయ్యాయి, పొద్దున్నదాకా బ్యాకప్ నుంచి తెచ్చుకుంటూ కూర్చున్నాం.

అసలు జరిగింది ఏమిటంటే హోస్ట్ డిస్క్ నిండిపోయింది. క్యూకౌ2 (వీఎం డిస్క్) ఫైళ్లు రాసే కొద్దీ పెరుగుతాయి కదా, అందరికీ కలిపి ఉన్నదానికంటే ఎక్కువ ఇచ్చేశాం. రాయడానికి చోటు లేకపోతే క్యూఎము గెస్ట్‌కి ఎర్రర్ పంపకుండా మెషీన్‌నే పాజ్ చేస్తుంది, మామూలుగా దాని పద్ధతి అదే. అది మన మేలు కోసమే. హోస్ట్‌లో చోటు చేసి రెజ్యూమ్ నొక్కితే ఆగిన ఆ రాతే మళ్లీ రాసుకుని, ఏమీ పోకుండా ముందుకు వెళ్తుంది. మిగతా పది మెషీన్లు అలాగే బతికాయి. నేను కరెంటు తీసిన ఒక్కటే దెబ్బతింది.

లిబ్‌వర్ట్‌ని స్థితి అడిగితే రెండు అంకెలు ఇస్తుంది: ఒకటి స్థితి, ఇంకోటి కారణం. యూజర్ పాజ్ చేశాడా, మైగ్రేషన్ (వేరే హోస్ట్‌కి తరలింపు) కోసమా, ఐఓ (డిస్క్ చదవడం, రాయడం) ఎర్రరా అని ఆ రెండో అంకెలో ఉంటుంది. మా ప్యానెల్ రాసినవాళ్లు మొదటి అంకె చూపించి రెండోది పారేశారు. 'పాజ్: డిస్క్ రాయలేకపోయింది' అని ఒక్క మాట ఉంటే ఆ రాత్రి నేను ఫోర్స్ ఆఫ్ నొక్కేవాణ్ణి కాదు. దయచేసి ఆ రెండో అంకెని పారేయకండి.

ల్యాబ్_అడ్మిన్ | మంగళవారం, మధ్యాహ్నం 2:30

రాత్రి షిఫ్ట్ గారూ, మీ పోస్ట్ చదివి నా కోడ్ చూసుకున్నాను. నేనూ రెండో అంకె పారేస్తున్నాను. వెంటనే మార్చాను. ఆగిపోయిన మెషీన్లకు కూడా ఈవెంట్‌లో కారణం వస్తోంది: లోపలి నుంచి షట్‌డౌన్ చేశారా, బయటి నుంచి కరెంటు తీశారా, క్రాష్ అయిందా, వేరే హోస్ట్‌కి వెళ్లిందా అని. అదంతా ఇప్పుడు హిస్టరీలో రాస్తున్నాను.

స్టేటస్ కాలమ్ తీసేశాను పాతకాపు గారూ. దాదాపు సగం కోడ్ దాంతోపాటే పోయింది.

ఇప్పుడు సీపీయూ లెక్క. ఒక మెషీన్‌కి 380 శాతం చూపిస్తోంది. 40 మెషీన్లకి ఒక్కొక్కటీ విడిగా అడుగుతుంటే పేజీ రావడానికి ఆరేడు సెకన్లు పడుతోంది.

పాతకాపు | మంగళవారం, మధ్యాహ్నం 3:05

లిబ్‌వర్ట్ ఇచ్చేది శాతం కాదు, మెషీన్ ఇప్పటిదాకా వాడిన మొత్తం సీపీయూ కాలం, నానోసెకన్లలో. అన్ని వీసీపీయూలదీ (వీఎంకి ఇచ్చిన సీపీయూలు) కలిపి ఉంటుంది. రెండుసార్లు చదివి తేడా తియ్యాలి. మీ మెషీన్‌కి నాలుగు వీసీపీయూలు ఉండి ఉంటాయి. 10 సెకన్లలో 38 సెకన్ల సీపీయూ వాడింది, అదే మీ 380. నాలుగుతో భాగిస్తే 95 శాతం. మధ్యలో మెషీన్ పూర్తిగా ఆగి మళ్లీ స్టార్ట్ అయితే ఆ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, అప్పుడు తేడా మైనస్‌లో వస్తుంది. ఆ ఒక్క శాంపిల్ వదిలేయండి.

వేగం కోసం, హోస్ట్‌లోని అన్ని డొమైన్ల (లిబ్‌వర్ట్ భాషలో వీఎంలు) గణాంకాలూ ఒకే పిలుపులో ఇచ్చే ఫంక్షన్ ఉంది, అది వాడండి. నోవెయిట్ ఫ్లాగ్ పెట్టడం మర్చిపోవద్దు. ఒక మెషీన్ మీద ఏదో పెద్ద పని జరుగుతుంటే దాని జవాబు కోసం ఆ హోస్ట్‌లోని మిగతా మెషీన్ల లెక్కా ఆగిపోతుంది. ఆ ఫ్లాగ్ ఉంటే దొరికినంతవరకు ఇచ్చి ముందుకు వెళ్తుంది.

తాళంచెవి | మంగళవారం, సాయంత్రం 6:48

ఆలస్యంగా చదివాను, కానీ మొదటి పోస్ట్‌లోని ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ప్యానెల్ సర్వర్ నుంచి మూడు హోస్ట్‌లకీ ఎస్‌ఎస్‌హెచ్ అన్నారు. ఆ కీ ఎవరిది? రూట్ (సర్వర్ మీద సర్వాధికారాలున్న యూజర్) దా?

ల్యాబ్_అడ్మిన్ | మంగళవారం, సాయంత్రం 6:55

రూట్ కాదండి. లిబ్‌వర్ట్ గ్రూప్‌లో ఉన్న మామూలు యూజర్.

తాళంచెవి | మంగళవారం, రాత్రి 7:30

అయితే రూట్ ఇచ్చినట్టే. లిబ్‌వర్ట్ మెయిన్ సాకెట్‌లో (అది ఆదేశాలు తీసుకునే ద్వారం) రాసే హక్కు ఉన్నవాళ్లకి హోస్ట్ మీద రూట్ ఉన్నట్టే లెక్క. ఎలాగంటే, వీఎం ఎక్స్‌ఎంఎల్‌లో (కాన్ఫిగరేషన్ ఉండే ఫైల్) డిస్క్ అన్న చోట హోస్ట్ సొంత డిస్క్ పేరు రాసి డిఫైన్ చెయ్యొచ్చు. ఆ వీఎంలోకి బూట్ అయితే హోస్ట్ ఫైళ్లన్నీ చేతిలో ఉంటాయి. మీ జాంగో యాప్‌లో ఒక్క లొసుగు దొరికితే పోయేది ఒక్క ప్యానెల్ కాదు, మూడు హోస్ట్‌లూ, 40 మెషీన్లూ.

పాతకాపు గారు ఈవెంట్ల కోసం పెట్టమన్న చిన్న ప్రాసెస్ ఉంది కదా, దాన్నే ప్రతి హోస్ట్ మీదా ఏజెంట్‌గా పెట్టండి. లిబ్‌వర్ట్‌తో మాట్లాడేది అదొక్కటే కావాలి. బయటి నుంచి అది ఒప్పుకునేవి నాలుగైదు పనులే: యూయూఐడీ ఇస్తే స్టార్ట్ చెయ్యడం, ఆపడం, స్థితి చెప్పడం, కన్సోల్ (మెషీన్ స్క్రీన్) తెరవడం. ఎక్స్‌ఎంఎల్ తీసుకునే దారి అసలు ఉండకూడదు. కొత్త మెషీన్ కావాలంటే కోర్లు, మెమరీ, ఏ టెంప్లేట్ అన్నవి మాత్రమే తీసుకుని, ఎక్స్‌ఎంఎల్ ఏజెంటే తయారుచేయాలి. అప్పుడు జాంగో ఎవరి చేతిలో పడినా వాళ్లు మెషీన్లు ఆపగలరు గానీ హోస్ట్‌లోకి దూరలేరు.

కన్సోల్ విషయంలో ఇంకో మూడు మాటలు. వీఎన్‌సీ (దూరం నుంచి స్క్రీన్ చూపే పద్ధతి) 127.0.0.1 మీదే, అంటే ఆ హోస్ట్ లోపలి నుంచే వినాలి. చాలామంది 0.0.0.0 (బయటివాళ్లకీ తెరిచి) పెట్టి, పాస్‌వర్డ్ ఉంది కదా అని ధీమాగా ఉంటారు. ఆ వీఎన్‌సీ పాస్‌వర్డ్‌కి 8 అక్షరాలకు మించి బలం ఉండదు. కన్సోల్ బటన్ నొక్కినప్పుడు జాంగో ఓనర్‌ని సరిచూసి, 30 సెకన్లలో కాలం చెల్లే ఒక టోకెన్ ఇవ్వాలి, ఒక్కసారి వాడాక అది పనికిరాకూడదు. వెబ్‌సాకెట్ (బ్రౌజర్‌తో తెరిచి ఉండే కనెక్షన్) తెరిచే చోట ఆరిజిన్ హెడర్ (ఏ సైట్ నుంచి వచ్చిందో చెప్పేది) సరిచూడండి. మామూలు రిక్వెస్ట్‌లకి బ్రౌజర్ పెట్టే కట్టుబాటు వెబ్‌సాకెట్‌కి ఉండదు, వేరే సైట్‌లోని పేజీ కూడా కనెక్షన్ తెరవగలదు, కుకీ సెట్టింగ్ అడ్డుకోకపోతే మీ యూజర్ కుకీతో సహా.

ఫ్రంట్‌ఎండ్_వైపు | బుధవారం, ఉదయం 9:20

కన్సోల్ మాట వచ్చింది కాబట్టి నోవీఎన్‌సీతో (వీఎన్‌సీని బ్రౌజర్‌లో చూపే ప్రోగ్రామ్) నాకు ఎదురైనవి చెప్తాను.

సరిగ్గా నిమిషం ఏమీ టైప్ చేయకుండా కూర్చుంటే స్క్రీన్ డిస్‌కనెక్ట్ అవుతోందా? అది నోవీఎన్‌సీ తప్పు కాదు. ముందున్న ఎన్‌జింక్స్ (వెబ్ సర్వర్) లో ప్రాక్సీ రీడ్ టైమౌట్ మామూలుగా 60 సెకన్లు. స్క్రీన్ మీద ఏదీ కదలకపోతే డేటా రాదు, ఎన్‌జింక్స్ కనెక్షన్ కోసేస్తుంది. కన్సోల్ దారికి మాత్రం దాన్ని గంటకి పెంచండి, అప్‌గ్రేడ్ హెడర్ (వెబ్‌సాకెట్‌కి మారమని చెప్పేది) కూడా ముందుకు పంపండి.

మౌస్ ఒక చోట ఉంటే బాణం ఇంకో చోట ఉంటోందని యూజర్లు అంటే, ఆ వీఎంలో యూఎస్‌బీ ట్యాబ్లెట్ డివైస్ లేదని అర్థం. మామూలు మౌస్ 'ఇంత జరిగాను' అని చెప్తుంది, ట్యాబ్లెట్ 'ఇక్కడ ఉన్నాను' అని చెప్తుంది. టెంప్లేట్‌లోనే అది పెట్టేస్తే ఆ గొడవ ఉండదు. కంట్రోల్ ఆల్ట్ డిలీట్‌కి బటన్ విడిగా కావాలి, కీబోర్డ్ మీద నొక్కితే అది యూజర్ సొంత కంప్యూటరే తీసేసుకుంటుంది.

ఇక స్టేటస్ బ్రౌజర్ దాకా ఎలా పంపుతున్నారు? సర్వర్ సెంట్ ఈవెంట్స్ (సర్వర్ తనంతట బ్రౌజర్‌కి కబుర్లు పంపే పద్ధతి) సులువు, నేను అదే వాడతాను. కానీ హెచ్‌టీటీపీ 1.1 మీద బ్రౌజర్ ఒక సైట్‌కి 6 కనెక్షన్లే తెరుస్తుంది. యూజర్ ఆరు ట్యాబుల్లో ప్యానెల్ తెరిచి పెడితే ఏడో ట్యాబ్ తెల్లగా తిరుగుతూనే ఉంటుంది. సర్వర్ పడిపోయిందనుకుని నేను ఒక పూటంతా వెతికాను. హెచ్‌టీటీపీ 2 ఆన్ చేస్తే పోయింది.

రాత్రి_షిఫ్ట్ | బుధవారం, రాత్రి 12:10

పాతకాపు గారితో ఒక్క చోట విభేదిస్తాను. ఈవెంట్ల మీదే పూర్తిగా ఆధారపడితే ఇంకో రకం అబద్ధం మొదలవుతుంది. కనెక్షన్ సగం చచ్చిపోతే, అంటే కేబుల్ ఊడిందో మధ్యలో స్విచ్ రీబూట్ అయిందో అనుకోండి, ఏజెంట్‌కి ఎర్రర్ రాదు, ఈవెంట్లూ రావు. అంతా ప్రశాంతంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

పాతకాపు | గురువారం, ఉదయం 8:15

నిజమే, అది చెప్పకుండా వదిలేశాను. ఏజెంట్ హోస్ట్ మీదే ఉంటే లిబ్‌వర్ట్‌తో ఆ బాధ తగ్గుతుంది, కానీ జాంగోకీ ఏజెంట్‌కీ మధ్య అదే సమస్య వస్తుంది. దూరం నుంచి కలిస్తే లిబ్‌వర్ట్ కీప్‌అలైవ్ (కనెక్షన్ బతికుందో లేదో చూసే తనిఖీ) ఆన్ చేయాలి. దానితోపాటు నిమిషానికోసారి మొత్తం లిస్ట్ తెచ్చుకుని మెమరీలో ఉన్నదానితో సరిచూసుకోవాలి. తేడా కనిపిస్తే సరిదిద్దడమే కాదు, లాగ్‌లో రాయండి. అలాంటి తేడా ఎందుకొచ్చిందో వెతికితే ప్రతిసారీ ఒక బగ్ దొరుకుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ప్రతి స్థితి పక్కనా అది ఎప్పటిదో ఉండాలి.

ల్యాబ్_అడ్మిన్ | శనివారం, సాయంత్రం 4:40

మూడు రోజులు పట్టింది గానీ ఏజెంట్ రాశాను. ఎస్‌ఎస్‌హెచ్ కీ తీసేశాను. ఈలోపు నేనే ఒక బగ్ పెట్టి నేనే పట్టుకున్నాను, ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నాను.

మెమరీ మార్చే పేజీ పెట్టాను. వీఎం ఎక్స్‌ఎంఎల్ తెచ్చుకుని, మెమరీ అంకె మార్చి, మళ్లీ డిఫైన్ చేయడం. బాగానే పనిచేసింది. మర్నాడు చూస్తే, అలా మార్చిన మెషీన్ల కన్సోల్ పాస్‌వర్డ్ అడగకుండానే తెరుచుకుంటోంది! కారణం ఏమిటంటే, ఎక్స్‌ఎంఎల్ అడిగినప్పుడు సెక్యూర్ ఫ్లాగ్ ఇవ్వకపోతే లిబ్‌వర్ట్ పాస్‌వర్డ్‌ని తీసేసి ఇస్తుంది. నేను ఆ పాస్‌వర్డ్ లేని కాపీనే తిరిగి డిఫైన్ చేశాను. ఇప్పుడు సెక్యూర్, ఇనాక్టివ్ రెండు ఫ్లాగులూ ఇస్తున్నాను. ఇనాక్టివ్ ఎందుకంటే, నడుస్తున్న మెషీన్ ఎక్స్‌ఎంఎల్‌లో ఆ ఒక్క రన్‌కే పనికొచ్చే వివరాలు ఉంటాయి, అవి శాశ్వత కాన్ఫిగరేషన్‌లోకి పోకూడదు. ఎక్స్‌ఎంఎల్ మొత్తం నేను తిరిగి తయారుచేయకుండా మెమరీకి సంబంధించిన ట్యాగ్‌లనే ముట్టుకుంటున్నాను. చేత్తో పెట్టిన సెట్టింగులు కొన్ని మెషీన్లలో ఉన్నాయి, అవి నా కోడ్‌కి తెలియవు.

మార్పు తర్వాతి స్టార్ట్ నుంచే అమలవుతుంది కాబట్టి పేజీలో రెండు అంకెలూ చూపిస్తున్నాను: 'ఇప్పుడు 4 జీబీ, ఆపి స్టార్ట్ చేస్తే 8 జీబీ'. లోపలి నుంచి రీబూట్ చేస్తే మారదు, అదే క్యూఎము ప్రాసెస్ కొనసాగుతుంది. ఆ మాట కూడా కింద రాశాను, లేకపోతే అందరూ అదే చేసి నన్ను అడుగుతున్నారు.

కేవీఎం_విద్యార్థి | శనివారం, సాయంత్రం 5:15

స్నాప్‌షాట్ (ఆ క్షణంలోని స్థితిని దాచుకోవడం) బటన్ కూడా పెడతారా అన్నా? బ్యాకప్‌లా వాడుకోవచ్చు కదా.

రాత్రి_షిఫ్ట్ | శనివారం, రాత్రి 10:50

స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. అదే డిస్క్ మీద, అదే హోస్ట్‌లో ఉంటుంది. డిస్క్ పోతే రెండూ పోతాయి. ఎక్స్‌టర్నల్ స్నాప్‌షాట్ తీసినప్పుడల్లా ఒక కొత్త ఫైల్ పుట్టి పాతదాని మీద ఆనుకుని ఉంటుంది. పాత ఫైలే కదా అని చేత్తో డిలీట్ చేస్తే పైవన్నీ కూలిపోతాయి. బటన్ పెడితే, తీసేసేది కూడా లిబ్‌వర్ట్ ద్వారానే జరగాలి, ఒక్కొక్కరికీ ఎన్ని ఉండొచ్చో పరిమితి ఉండాలి. లేదంటే నాకు వచ్చిన రాత్రి మీకూ వస్తుంది.

ల్యాబ్_అడ్మిన్ | ఆదివారం, రాత్రి 8:05

స్నాప్‌షాట్లు ప్రస్తుతానికి పెట్టడం లేదు.

ఈరోజు ల్యాబ్‌లో ఎవరూ లేరు కాబట్టి ఒక పరీక్ష చేశాను. రెండో హోస్ట్ మీద లిబ్‌వర్ట్ సర్వీస్‌ని ఆపేశాను. వీఎంలు ఆగలేదు, క్యూఎము ప్రాసెస్‌లు వేరు కాబట్టి హాయిగా నడుస్తున్నాయి. పాత ప్యానెల్ అయితే అన్నీ పచ్చగానే చూపించేది. ఇప్పుడు ఆ హోస్ట్ కింద ఉన్న 14 మెషీన్లూ బూడిద రంగులోకి మారాయి, పైన 'ఈ హోస్ట్‌తో సంబంధం తెగింది, చివరిగా చూసింది 7:42కి' అని వచ్చింది. బటన్లు పనిచేయడం మానేశాయి. సర్వీస్ తిరిగి స్టార్ట్ చేశాక ఏజెంట్ తనంతట తానే కలిసి, ఈవెంట్లకి మళ్లీ నమోదై, లిస్ట్ తెచ్చుకుంది. ఈ మధ్యలో నేను ఒక మెషీన్ లోపలి నుంచి షట్‌డౌన్ చేసి పెట్టాను. అది 'ఆగింది' అనే వచ్చింది. చూసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

తాళంచెవి | ఆదివారం, రాత్రి 8:31

బాగుంది. ఏజెంట్ ఏ యూజర్ కింద నడుస్తోంది, జాంగోతో మాట్లాడేది టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్ట్ చేసిన కనెక్షన్) మీదేనా, రెండు వైపులా సర్టిఫికెట్ చూస్తున్నారా? కోడ్ బయట పెట్టే ముందు ఒకసారి చూపించండి, చదివి పెడతాను.

ల్యాబ్_అడ్మిన్ | ఆదివారం, రాత్రి 8:44

రెండు వైపులా చూస్తున్నానండి. ఏజెంట్‌కి సొంత యూజర్ ఉంది. రేపు పంపిస్తాను.

రాత్రి_షిఫ్ట్ | ఆదివారం, రాత్రి 11:58

డ్యూటీకి వచ్చాను. ఒక్కటే అడగాలని ఉంది. డిస్క్ నిండి పాజ్ అయితే ఇప్పుడు స్క్రీన్ మీద ఏమని వస్తోంది?

ల్యాబ్_అడ్మిన్ | సోమవారం, ఉదయం 7:20

ఎర్ర పట్టీ మీద ఇలా వస్తోంది: 'పాజ్ అయింది: హోస్ట్ డిస్క్‌లో రాయలేకపోయింది. డేటా భద్రంగానే ఉంది. కరెంటు తీయకండి, చోటు చేశాక కొనసాగించండి.' ఆ సమయంలో 'కరెంటు తీసెయ్' బటన్ దాచేస్తున్నాను, అడ్మిన్‌కి మాత్రమే కనిపిస్తుంది. చిన్న పార్టిషన్ ఒకటి కావాలనే నింపి చూశాను, వచ్చింది. చోటు చేసి కొనసాగించు నొక్కితే లోపల జరుగుతున్న కాపీ ఆగిన చోటి నుంచే సాగింది.